ఉప్పుటేరు తలుపు కింద చెక్క

నూట ఇరవై నాలుగో వంతు. మూడో రోజు. ఉప్పు: 2

ఈ వంతుకి నేను లాకుల మీద గేట్లు, నీళ్ళు చూసుకునే లస్కరుని. ఎవరికి ఏ పనో తేల్చే చీట్ల యంత్రం అలా అంది, నేను వచ్చి లాకుల గదిలో చాప పరిచాను. పోయిన వంతులో బడిపిల్లలకి అన్నం వడ్డించాను. అంతకుముందు మరమ్మతు పని. దానికి ముందు సౌర పడవ నడిపాను, రెండుసార్లు గట్టుకి గుద్దాను కూడా. తొంభై రోజులకొకసారి గంట కొడతారు. చేతిలో ఉన్నది ఉన్నచోట వదిలేసి కొత్త పనిలోకి వెళ్ళిపోవడమే. గరిటె కూరలో ఉంటే కూరలోనే. మిగతాది తరవాత వచ్చినవాళ్ళు చూసుకుంటారు.

పాత లస్కరు నాకు గంటసేపు అన్నీ చూపించి వెళ్ళాడు. అంతకుమించి చూపించకూడదు. నేర్పుతూ కూర్చున్నవాడు మెల్లగా పైవాడైపోతాడని మా పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. చేసిన పని పక్కన పేరు రాయకూడదన్నది ఇంకొకటి. నేను వండాను, నేను కట్టాను అనే మాట మా కొత్తలంకలో పిల్లలు కూడా అనరు. అంటే తల్లులు నోటి మీద ఒక్కటి వేస్తారు. అందుకే ఇది లాకు పుస్తకంలో కాక వేరే రాసుకుంటున్నాను.

ఈ ఊరు కట్టుకున్న ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరూ ఎవరికీ వంగి దణ్ణం పెట్టలేదు. ఆ సంగతి రాస్తుంటే ఇప్పటికీ నా వీపు నిటారుగా అవుతుంది. ‘గారు’ తీసేశాం. ‘అండి’ కూడా తీసేద్దామని సభలో మూడు రోజులు వాదించుకున్నారు, ‘తీసేద్దామండి’, ‘వద్దండి’ అనుకుంటూ. చివరికి అందరూ అందరికీ అంటున్నాం కాబట్టి సమానమేనని వదిలేశారు.

పందొమ్మిదో రోజు. ఉప్పు: 4

రోజూ పొద్దున్నే కాలవలో ఉప్పు కొలిచే మీటరు ముంచి అంకె రాయడం నా పని. పదిహేను రోజుల్లో అంకె రెట్టింపయింది. ఆరు దాటితే మా రెండో పంట, దాళ్వా వరి, నిలవదు. చేలు ఇప్పుడే పొట్టకొచ్చాయి.

మాకు ఒక పక్క పై నుంచి వచ్చే మంచినీళ్ళ కాలవ, రెండో పక్క సముద్రంతో కలిసే ఉప్పుటేరు. కాలవ చివర ఏటిలోకి ఒక ఇనుప తలుపుంది. ఆటు వేళ మా మురుగు బయటికి పోవడానికి అది తెరుచుకుంటుంది, పోటు వేళ సముద్రం తోసుకొస్తే మూసుకుంటుంది. దాన్నెవరూ ముట్టుకోనక్కర్లేదు, నీరే తెరుస్తుంది, నీరే మూస్తుంది. అంత చక్కటి తలుపు మావాళ్ళు చేసింది.

కాబట్టి తేడా పైనే ఉండాలి. పైన ఎగువపేట ఉంది. కాలవ ముందు వాళ్ళకి తగిలి తరవాత మాకొస్తుంది. వాళ్ళు నీరు తగ్గించి ఉంటారని సాయంత్రం సభలో చెప్పాను. సభ గంట కొట్టే వంతు ఈసారి వీర్రాజుది. ముప్పై ఏళ్ళవాడు, మాట కంటే ముందు చెయ్యి లేస్తుంది. “తగ్గించి ఉంటారేంటండీ, తగ్గించారు” అన్నాడు. నేను కాదనలేదు.

ముప్పై ఒకటో రోజు. ఉప్పు: 5

ఎగువపేటవాళ్ళూ మాలాంటివాళ్ళేనని బయటివాళ్ళు అంటారు. అక్కడా పొలం అందరిది, గిన్నె అందరిది. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ దగ్గర వంతులు లేవు. లస్కరు ఇరవై రెండేళ్ళుగా ఒక్కడే. వైద్యురాలు చచ్చేదాకా వైద్యురాలే. ఒకరినొకరు ‘గారు’ అని పిలుచుకుంటారు. ఇంకేం మిగిలిందని సమానత్వం?

వీర్రాజు పడవలో వెళ్ళి అడిగి వచ్చాడు. నీరు ఎప్పుడూ వదిలేంతే వదులుతున్నామన్నారట. వస్తుంటే వెనక నుంచి ఎవరో “గంట కొడితే గరిటె పారేసే మనుషులు, గేట్లేం చూసుకుంటారు!” అని నవ్వారట. ఆ మాట మధ్యాహ్నానికల్లా ఊరంతా తిరిగింది. పిల్లలకి అన్నం పెట్టే చోట కూడా అదే. ఉప్పు సంగతి కంటే ఆ నవ్వు సంగతే ఎక్కువ మాట్లాడుకున్నారు, నాతో సహా.

ముప్పై ఎనిమిదో రోజు. ఉప్పు: 6

బుల్లబ్బాయి తాత లాకుల అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. ఎనభై నాలుగేళ్ళు. కొత్తలంక కట్టకముందే పాత లోకంలో సగం జీవితం గడిపిన కొద్దిమందిలో ఒకడు. అప్పటి కొట్లాటల్లో తల పగిలింది, ఆ మచ్చ ఇంకా ఉంది.

“తాతా, బడిలో ఇప్పటికీ చెప్తన్నారు కదండీ, యుద్ధానికి మూడు వేర్లు, పొలం, పెట్టె, పీట అని” అన్నాను. నాదనే పొలం, దాచుకునే పెట్టె, ఎక్కి కూర్చునే పీట. మూడూ పీకేస్తే యుద్ధం ఎండిపోతుందని మేమంతా వల్లె వేసినవాళ్ళమే. “మూడూ పీకేశాం. మరి మనోళ్ళు మందు పిట్టలకి పేలుడు సామాను కడతన్నారేంటండీ?”

మందు పిట్టలంటే చేల మీద మందు చల్లే ఎగిరే యంత్రాలు. నాలుగు రోజులుగా, సభ ఇంకా ఏమీ తేల్చకముందే, వాటికి చల్లడం మాని మోయడం నేర్పుతున్నారు.

తాత తాడు వదల్లేదు. “ఆ రోజుల్లో మా వైపు కర్రలు పట్టుకున్నదీ లేనోళ్ళే, అవతల పట్టుకున్నదీ లేనోళ్ళేనండీ. ఉన్నోళ్ళు మేడ మీంచి చూసేవోరు. నేను మేడల్నే తిట్టుకునేవోణ్ణి. ఇయ్యాల మేడ లేదు, మరి ఎవర్ని తిట్టమంటారు?” అన్నాడు.

“ఎగువపేటోళ్ళని.”

“ఆయ్, అంతేనండీ. అదే తేలిక” అన్నాడు తాత. వేళాకోళమో కాదో అతని మొహం చూస్తే తెలియలేదు.

నలభై నాలుగో రోజు. ఉప్పు: 7

సభ. ఓటు హక్కున్నవాళ్ళం నాలుగు వందల ఇరవై ఒక్క మందిమి. కాలవ నీళ్ళని ఆపి వదిలే ఎగువపేట రెగ్యులేటరు పగలగొట్టి నీరు తెచ్చుకుందామన్నవాళ్ళు నాలుగు వందల పన్నెండు. కాదన్నవాళ్ళు తొమ్మిది, అందులో తాత ఒకడు. నా చెయ్యి మొదట లేచినవాటిలో ఉంది.

రెగ్యులేటరు పగిలితే దాని కిందున్న వాళ్ళ ఇళ్ళు మునుగుతాయని ఒకామె లేచి అంది. ముందుగా హెచ్చరిద్దామన్నారు. హెచ్చరిస్తే వాళ్ళు సిద్ధంగా ఉంటారని మరొకరన్నారు. హెచ్చరిక ఆలోచన అక్కడితో పోయింది.

ముందు వరసకి నలభై మందిని చీట్ల యంత్రం తీసింది. పాతకాలంలో పెద్దింటివాళ్ళ పిల్లలు యుద్ధానికి దూరంగా ఉండేవారట. మా దగ్గర అలాంటిది కుదరదు. యంత్రానికి మొహమాటం లేదు. మొదటి పేరు ఝాన్సీ. ఇరవై మూడేళ్ళ నా కూతురు.

తను లేచి నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నా గుండె ఉప్పొంగిందని రాస్తున్నాను, నిజంగానే ఉప్పొంగింది. ఎవరి బిడ్డకీ మినహాయింపు లేని ఊరు నాది. ఇంటికి వచ్చి నా కంచంలో అన్నం ఝాన్సీ కంచంలోకి వంపేశాను. ఏడు రోజుల్లో బయలుదేరతారు.

నలభై ఐదో రోజు. ఉప్పు: 7

హద్దు గట్టు దాకా వెళ్ళాను. కాలవకి అవతల ఎగువపేట లస్కరు రెగ్యులేటరు గేటు మరలకి నూనె రాస్తున్నాడు. అరవై ఏళ్ళుంటాయి, మోకాళ్ళు వంగడం లేదు, ఒక కాలు చాపి పక్కకి వాలి రాస్తున్నాడు. మా ఇద్దరి మధ్య ముప్పై అడుగుల నీళ్ళు.

“మీరు కొత్తలంక లస్కరు గారా?” అని కేకేశాడు. “నా పేరు యేసురత్నమండి. మీ పేరేంటండి?”

“లస్కరుని. అంతే” అన్నాను.

“సర్లెండి. మీకు ఉప్పు పోటు మీద ఎక్కువుంటందా, ఆటు మీద ఎక్కువుంటందా?”

నాకు తెలియదు. రోజూ పొద్దున ఒక్కసారే చూస్తాను. అలా చూడాలని పుస్తకంలో ఉంది. తెలియదని చెప్పడానికి నోరు రాక, “మీరు నీళ్ళు వదిలితే ఎప్పుడూ ఉండదు” అన్నాను.

అతను నవ్వలేదు. “అమ్మా, పై నుంచి నీరు తగ్గితే ఉప్పు రోజంతా ఒకేలాగ పెరుగుద్ది. పోటుకి పెరిగి ఆటుకి తగ్గిందంటే మాత్రం అది కింద నుంచి వత్తన్నట్టు. ఇరవై రెండేళ్ళు చూశానండి, ఒకసారి చూసుకోండి” అన్నాడు.

ఇరవై రెండేళ్ళు! పీట వేసుకు కూర్చున్నవాడు నాకు పాఠం చెప్పడమా? వెనక్కి తిరిగి వచ్చేశాను. దారంతా నాలో నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

నలభై ఏడో రోజు. పోటు మీద ఉప్పు: 9. ఆటు మీద: 5

అతను చెప్పింది తప్పని తేల్చడానికే రెండు రోజులు రెండేసిసార్లు చూశాను. పై అంకెలు రాయక తప్పడం లేదు.

ఉప్పు కింద నుంచి వస్తోంది. అంటే మా తలుపు నుంచి.

ఇన్నాళ్ళూ తలుపు వైపు ఒక్కరం కూడా వెళ్ళలేదు. అది మాది కాబట్టి. ఈ రోజు వెళ్ళి చూశాను. నీటి పైకి కనిపించే భాగం బిగుతుగానే మూసుకుని ఉంది. అడుగుభాగం అమావాస్యకో పౌర్ణమికో వచ్చే పెద్ద ఆటుకి తప్ప బయటపడదు. అమావాస్య ఎల్లుండి.

తలుపు జోలికి చివరిసారి ఎవరు వెళ్ళారో చూద్దామని పాత లాకు పుస్తకాలు దించాను. నూట ఇరవై రెండో వంతు, చివరి పేజీ. అందులో ఇలా ఉంది: ‘ఉప్పుటేరు తలుపు కిందభాగం ఎత్తి చెక్క పెట్టడమైంది. రబ్బరు పట్టీ మార్చడమైంది. గంట కొట్టారు.’ ఆ తరవాత ఏమీ లేదు. పక్కన పేరు లేదు, ఉండదు కూడా. కానీ ‘ట్ట’ కింద అంత పొడుగు తోక లాగేది ఈ ఊళ్ళో ఒక్కరే. ఆ వంతులో మరమ్మతు పని నాదే.

నాకు ఇప్పుడంతా గుర్తొచ్చింది. నడుంలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాను. గంట వినపడింది. సుత్తి గట్టు మీద పెట్టి బడి వంటింటికి వెళ్ళిపోయాను. చెక్క తీయలేదు. నా తరవాత వచ్చిన మనిషికి గంటసేపట్లో అన్ని పనులూ చెప్పాను, చెక్క మాట మరిచాను. వానాకాలపు నీరు బయటికి తోస్తున్నన్నాళ్ళూ ఏమీ తెలియలేదు. ఎండలు ముదిరి కాలవ బలం తగ్గాక, ప్రతి పోటుకీ సముద్రం ఆ సందులోంచి దూరింది.

ఆ పేజీని అరచేత్తో కప్పేశాను. భయం కాదు, సిగ్గు.

నలభై తొమ్మిదో రోజు. అమావాస్య. ఆటు మధ్యాహ్నం రెండు గంటలకి

నిన్నంతా ఒక్కటే ఆలోచన. ఆటు వేళ ఎవరికీ చెప్పకుండా చెక్క లాగేయొచ్చు. అయితే ఉప్పు దిగడానికి పది రోజులు పడుతుంది, వాళ్ళు ఎల్లుండే బయలుదేరుతున్నారు. ఒకవేళ ముందే దిగినా, మా పిట్టలకి భయపడి ఎగువపేటవాళ్ళు నీళ్ళు వదిలారనే అనుకుంటారు. మళ్ళీ ఏడాది ఇంకో చిన్న తేడా వస్తే పిట్టలు ఇంకా త్వరగా లేస్తాయి. నా కూతురు కాకపోతే ఇంకొకరి కూతురు వెళ్తుంది.

సభ గంట కొట్టమన్నాను. అందరినీ ఏటి గట్టుకి తీసుకెళ్ళాను. నీరు దిగుతూ దిగుతూ తలుపు అడుగు బయటపడింది. బురదలో నాలుగు వేళ్ళ మందాన టేకు చెక్క, దాని పైన పెదవి విరిచినట్టు తలుపు. ఆ సందులోంచి ఇంకా నీరు కారుతోంది.

“ఆ చెక్క పెట్టింది నేను” అన్నాను. “నా పేరు మావుళ్ళమ్మ. మరిచిపోయింది నేను. ఎగువపేటోళ్ళు మన నీళ్ళు ముట్టుకోలేదు.”

గగ్గోలు పుట్టింది. సగం మంది చెక్క గురించి కాదు, ‘నేను’ అన్నందుకు అరిచారు. పని పక్కన పేరు పెట్టకూడదన్న కట్టుబాటు నేను నలుగురిలో తెంపేశాను. ఝాన్సీ నా వైపు చూడలేదు. దాని చెవులు ఎర్రబడ్డాయి.

వీర్రాజు గంట కొట్టి సద్దుమణిగేలా చేశాడు. “చెక్క సంగతి సరేనండీ, తీసేద్దాం. కానీ వాళ్ళు మనల్ని చూసి నవ్విన మాటో? గరిటె పారేసే మనుషులన్నారు. ఇప్పుడు ఆగిపోతే ఆ మాట నిజమని ఒప్పుకున్నట్టు కాదా?”

చాలామంది “అవునండీ” అన్నారు. నేను నిర్ఘాంతపోయాను. యుద్ధానికి కారణం బురదలో అందరి కళ్ళెదుట పడి ఉంది, ఎవరైనా వంగి తీయొచ్చు. కోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ముందు వరసలో వెళ్ళేవాళ్ళకి సభని ఒక్క ప్రశ్న అడిగే హక్కుంది. ఇదివరకెప్పుడూ యుద్ధం లేదు కాబట్టి ఎవరూ వాడలేదు. ఝాన్సీ చెయ్యెత్తింది. దాని గొంతు నాకు కొత్తగా వినిపించింది.

“వెళ్తానండి. వెళ్ళనని అనట్లేదు. ఎవరి మీదకి వెళ్తన్నానో చెప్పండి. ఎగువపేటలో ఒక్కళ్ళ పేరు చెప్పండి, చాలు.”

ఎవరికీ తెలియదు. ఐదు మైళ్ళ దూరంలో ముప్పై ఏళ్ళుగా బతుకుతున్నవాళ్ళలో ఒక్కరి పేరు కూడా మాకు తెలియదు. పేర్లు పెట్టుకోవడం వాళ్ళ జబ్బు అని వెక్కిరించడం మాత్రం తెలుసు. బుల్లబ్బాయి తాత తల దించుకున్నాడు.

“యేసురత్నం” అన్నాను నేను. “వాళ్ళ లస్కరు. మోకాళ్ళు నొప్పులు. మన తప్పు మనకి చెప్పింది ఆయనే. రెగ్యులేటరు పగిలితే ముందు పోయేది కూడా ఆయనే, దాని మీదే పని చేస్తాడు.”

మళ్ళీ చేతులు ఎత్తించారు. వద్దన్నవాళ్ళు రెండు వందల ముప్పై రెండు. వెళ్దామన్నవాళ్ళు నూట ఎనభై తొమ్మిది.

యుద్ధం ఆగింది. నా ఊరు ఆపుకుంది. ఈ వాక్యం రాస్తుంటే గర్వంగానే ఉంది. కానీ ఆ నూట ఎనభై తొమ్మిది మందిలో ధనికుడు లేడు, దొర లేడు, పీట మీద కూర్చున్నవాడు లేడు. అందరూ నాలాంటివాళ్ళే. ఆ చెక్క ఇంకెవరైనా మరిచిపోయి ఉంటే, నా చెయ్యి కూడా ఆ లెక్కలో ఉండేది.

యాభయ్యో రోజు. పోటు మీద ఉప్పు: 8

చెక్క లాగేశాం, తలుపు మూసుకుంది. చెక్క పడవలో వేసుకుని ఎగువపేటకి బయలుదేరాను. ఝాన్సీ పిలవకుండానే వచ్చి తెడ్డు అందుకుంది. సగం దూరం తనే నడిపింది. తరవాత, “నిన్న నీ మీద చాలా కోపమొచ్చిందమ్మా” అంది.

“ఇప్పుడో?”

“ఉంది. అయినా నువ్వు అలా నిలబడి చెప్తుంటే, మా అమ్మ అని పక్కనోళ్ళకి చూపించాలనిపించింది.”

నేను ఏటి వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకున్నాను.

యేసురత్నం మమ్మల్ని చూసి గేటు మీంచి దిగి వచ్చాడు. పేరు చెప్పాను, తప్పు చెప్పాను. “మావుళ్ళమ్మ గారూ, కూర్చోండి” అని మజ్జిగ ఇచ్చాడు. ‘గారు’ అంటే ఈసారి ఒళ్ళు మండలేదు. మా ఓట్ల లెక్క కూడా దాచకుండా చెప్పేశాను.

అతను చెక్కని చేత్తో తడిమి చూశాడు. “మీ పిట్టలు ఎగరడం మేమూ చూశామండి” అన్నాడు. “మొన్న మా సభలో, మీరు రాకముందే మీ మీదకి రావాలని మూడొందల పది చేతులు లేచాయి. అందులో ఒకటి నాదే.”

ఝాన్సీ గ్లాసు కింద పెట్టేసింది. తప్పు మా తలుపులోనే ఉందని పట్టుకోవడం నాకు నేర్పిన మనిషే అతను.

“పేరుకి పేరు, పనికి పని ఉన్నోళ్ళం మేము, వంతులోళ్ళకి లోకువ అయిపోతామా అనుకున్నానండి. మీరంటే మీ తప్పుంది, చూపించారు. నేను మావాళ్ళ ముందు ఏం చూపించను?” అన్నాడు.

“ఇది తీసుకెళ్ళండి” అని చెక్క ముందుకి జరిపాను. “కాదు, నేనే వచ్చి చెప్తాను.”

శత్రువు సభలోకి నా తప్పు నా భుజం మీద మోసుకుంటూ వెళ్ళాను. చెక్క తడిసి బరువుగా ఉంది. నా జన్మలో ఇంత తలెత్తుకుని ఎక్కడికీ నడవలేదు. పక్కన ఝాన్సీ, రెండో పక్క కుంటుతూ యేసురత్నం. అందరి ముందూ నేల మీద పెట్టి, గంట కొడితే గరిటె పారేసే మనిషిని నేనేనని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. తరవాత యేసురత్నం లేచి తన చెయ్యి దించుకుంటున్నానన్నాడు. ఒక్కొక్కరే లేచి తమ చెయ్యీ దించుకుంటున్నామన్నారు. చేతులు లెక్కపెట్టే పని వాళ్ళు నాకే ఇచ్చారు.

చివరికి పదిహేడు చేతులు పైనే ఉన్నాయి. ఎంత చెప్పినా దిగలేదు. ఆ పదిహేడు మంది దగ్గరికీ వెళ్ళి నా పేరు చెప్పి, వాళ్ళ పేరు అడిగాను. ఇద్దరు చెప్పలేదు. పదిహేను పేర్లు ఝాన్సీ రాసుకుంది. రేపు సభలో మా నూట ఎనభై తొమ్మిది మందికీ అవి చదివి వినిపిస్తాం. మిగిలిన రెండు పేర్ల కోసం ఎల్లుండి మళ్ళీ వెళ్ళాలి.